అప్పగింత: తప్పు చేసిన గురువును పాత శ్రీసభ ఏం చేసేది

కేరళ నుంచో అమెరికా నుంచో ఒక ఫాదర్ మీద, అంటే కతోలిక గురువు మీద, కేసు అని వార్త వస్తుంది. కడపలోనో, కర్నూలులోనో, అనంతపురంలోనో ఆదివారం పూజ అయ్యాక గుడి బయట చెట్టు కింద నిలబడ్డవాళ్ల మధ్య ఆ మాట దొర్లుతుంది. ఒకరు ‘‘ఇట్లాంటోళ్లను ఉరి తీయాల, పాతకాలంలో అదే చేసేటోళ్లు’’ అంటారు. ఇంకొకరు గొంతు తగ్గించి ‘‘ఫాదర్ల గురించి మనం మాట్లాడకూడదబ్బా, గురుపట్టం పొందినోళ్లు, దేవుడే చూసుకుంటాడు’’ అంటారు. ఇద్దరూ సంప్రదాయం పేరే చెబుతారు. ఇద్దరి మాటకూ పాత పుస్తకాల్లో ఆధారం దొరుకుతుంది. కాకపోతే ఇద్దరూ సగం సగమే చదివారు.

ఇది చెట్టు కింద కబుర్లతో ఆగిపోయే విషయం కూడా కాదు. 2012 నాటి పోక్సో చట్టంలో ఐదో సెక్షన్ పిల్లల మీద జరిగే తీవ్రమైన లైంగిక దాడులను వరసగా చెబుతుంది. బడి నడిపేవాళ్లు, అందులో పనిచేసేవాళ్లతో పాటు మత సంస్థల వాళ్ల సంగతీ అందులో స్పష్టంగా ఉంది. 2019 సవరణ తర్వాత ఆరో సెక్షన్ కింద ఈ నేరానికి కనీసం 20 ఏళ్ల కఠిన జైలు, గరిష్ఠంగా ఉరి. అంటే తన సంస్థలో పిల్లవాడి మీద ఇలాంటి దాడి చేసిన గురువుకు ఈ దేశంలో ఉరి పడే వీలుంది. ఆ గురువు ఏ శ్రీసభకు (కతోలిక చర్చికి) చెందినవాడో ఆ శ్రీసభేమో, ఉరిశిక్ష ఎవరికీ ఒప్పుకోదగింది కాదని 2018 ఆగస్టు నుంచి బోధిస్తోంది. అదే 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది: అత్యాచారం కేసులు 21 రోజుల్లో తేల్చాలి, ఉరి వేయాలి. ఆ బిల్లు రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్లి చట్టం కాలేదు గానీ, ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు.

పాత శ్రీసభ మెతకగా ఉండేదనుకుంటే పొరపాటు. నాలుగో శతాబ్దం మొదట్లో, సుమారు 305లో, స్పెయిన్‌లోని ఎల్విరాలో పీఠాధిపతులు (బిషప్‌లు) సభ జరిపి 81 నియమాలు రాసుకున్నారు. మగపిల్లలను చెరిచినవాడికి చావు మంచం మీద కూడా సత్ప్రసాదం (పూజలో పంచే పవిత్ర అప్పం) ఇవ్వకూడదన్నది 71వ నియమం. సేవలో ఉండగా వ్యభిచారం చేసిన పీఠాధిపతికైనా, గురువుకైనా, గురువు కింది మెట్టులో ఉండే డీకన్‌కైనా ఇదే గతి అని 18వది. ఆ కాలపు క్రైస్తవుడికి ఇది ఉరి కంటే భయంకరం. ఉరి ప్రాణాన్నే తీస్తుంది, ఇది పరలోకపు తలుపు ముందు ఒంటరిగా నిలబెడుతుంది.

పదకొండో శతాబ్దంలో, 1049 ప్రాంతంలో, పీటర్ డామియన్ అనే ఇటలీ సన్యాసి గురువుల లైంగిక పాపాల మీద తొమ్మిదో లియో పోపుకు పెద్ద లేఖే రాశాడు. తప్పు చేసినవాళ్లనే కాదు, తెలిసీ నోరు మూసుకున్న పైవాళ్లను కూడా అందులో దులిపేశాడు. పోపు ఆయన్ని మెచ్చుకున్నాడు. కానీ చాలాకాలంగా అందులోనే మునిగినవాళ్లను మాత్రమే తీసేస్తానని, మిగతావాళ్ల మీద కనికరం చూపుతానని జవాబిచ్చాడు. కింది నుంచి ఫిర్యాదు, పై నుంచి మెచ్చుకోలు, చివరికి సగం చర్య. వెయ్యేళ్ల కిందటి ఈ తంతు ఏ ఆఫీసులో పనిచేసినవాళ్లకైనా తెలిసిందే. 1179లో రోమ్‌లో పీఠాధిపతులు కూడిన మూడో లాటెరన్ మహాసభ మరికొంత గట్టిపడింది. ఇలాంటి గురువును గురుత్వం నుంచి గెంటేయాలి, లేదా ప్రాయశ్చిత్తం కోసం మఠంలో పెట్టి తాళం వేయాలి అంది.

‘‘పాతకాలంలో ఉరి తీసేవాళ్లు’’ అన్న మాటకు ఆధారం 1568లో దొరుకుతుంది. ఐదో పయస్ పోపు ఆ ఏడాది ఆగస్టు 30న ఒక శాసనం ఇచ్చాడు. పోపు కాకముందు ఈయన డొమినికన్ సన్యాసి, మతవిచారణ కోర్టుకు పెద్ద. ప్రకృతి విరుద్ధమైన పాపం చేసే గురువు ఎవరైనా సరే, గురువుగా తనకున్న హక్కులు, పదవులు, ఆదాయం అన్నీ పోగొట్టుకోవాలి. చర్చి న్యాయమూర్తి అతని గురుత్వ హోదా ఊడదీసి, రాజు చేతికి అప్పగించాలి. మామూలు మనిషికి ఆ నేరానికి ఏ మరణశిక్ష ఉందో అదే అతనికీ పడాలి. ఇదీ అందులోని సారం.

ఇవాళ ఈ కాగితాన్ని పైకెత్తి చూపించే సంప్రదాయవాదులు ఒక సంగతి దాటేస్తారు. శాసనం గురి పాపం మీద, బాధితుడి మీద కాదు. అందులో పిల్లవాడి వయసు లేదు, బలవంతం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం కూడా దాని కిందికే వస్తుంది. మన సుప్రీంకోర్టు 2018లో నేరాల జాబితా నుంచి తీసేసిన సంబంధం అది. మరోవైపు, ఒక ఆడపిల్లను పాడుచేసిన గురువు ఈ శాసనం కిందికి రానే రాడు. కాబట్టి పిల్లల రక్షణకు పాతకాలంలో ఉరి ఉండేదన్నది సూటిగా నిజం కాదు.

ఆడవాళ్ల విషయంలో పాత శ్రీసభ పట్టించుకున్న నేరం వేరే ఉంది. పాపసంకీర్తనం చెప్పుకోవడానికి, అంటే గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకోవడానికి, వచ్చినవాళ్లను ఆ గురువే లోబరుచుకోవడం. 1622లో పదిహేనో గ్రెగరీ పోపు దీనికి పెట్టిన శిక్షల్లో ఓడల్లో తెడ్లు వేసే చాకిరీ, యావజ్జీవ జైలు, చివరికి హోదా తీసి రాజుకు అప్పగించడం కూడా ఉన్నాయి. 1741లో పద్నాలుగో బెనెడిక్టు పోపు అలాంటి గురువు మీద ఫిర్యాదు చేయడం బాధితుల బాధ్యత అని గట్టిగా చెప్పాడు. ‘‘ఫాదర్ల గురించి మాట్లాడకూడదు’’ అనేవాళ్లకు ఈ ముక్క చదివి వినిపించాలి. మాట్లాడకపోవడమే తప్పు అని చెప్పింది సాక్షాత్తూ పోపు.

ఈ కథంతా అప్పగింత అనే మాట చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర అప్పగింతలంటే పెళ్లిలో కన్నీళ్లు గుర్తొస్తాయి. పాత శ్రీసభ అప్పగింత తంతులోనూ కన్నీళ్లున్నాయి, నిజమైనవో కావో గానీ. దోషికి ముందు పూజ వస్త్రాలన్నీ తొడుగుతారు, చేతికి పాత్ర ఇస్తారు. తర్వాత పీఠాధిపతి ఒక్కొక్కటే లాగేసుకుంటాడు. గురుపట్టం నాడు నూనె పూసిన వేళ్లను కత్తితోనో గాజు ముక్కతోనో పైపైన గీకుతాడు. చివర్లో రాజు న్యాయాధికారి వైపు తిరిగి, ‘‘దేవుడి మీద ప్రేమతో, మా మనవి మన్నించి, ఈ దౌర్భాగ్యుడి ప్రాణానికీ అవయవాలకూ ముప్పు రానివ్వకండి’’ అన్న అర్థంలో వేడుకుంటాడు. ఆ వేడుకోలు పూజా విధుల పుస్తకంలోనే అచ్చయి ఉంది. అప్పగిస్తే ప్రాణం పోతుందని పీఠాధిపతికి తెలుసు, న్యాయాధికారికి తెలుసు, దోషికి మరీ బాగా తెలుసు. అయినా ఆ మాట అనాల్సిందే.

దీన్ని కపటం అనడం తేలిక, చాలావరకు కపటమే కూడా. కానీ దాని వెనక శ్రీసభ నిజంగా నమ్మిన సూత్రం ఒకటుంది: శ్రీసభకు రక్తం గిట్టదు. 1215లో నాలుగో లాటెరన్ మహాసభ, గురువు అనేవాడు మరణశిక్ష తీర్పు చెప్పకూడదు, దాన్ని అమలు చేసేచోట ఉండనూ కూడదు అంది. పై స్థాయి గురువులు కోత, వాత పెట్టే వైద్యం కూడా చేయకూడదంది. ఆ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ దీనికి కారణం చెప్పాడు. గురువు పీఠం మీద అర్పించేది క్రీస్తు మరణాన్ని. కొడితే తిరిగి కొట్టనివాడు క్రీస్తు. ఆ చేత్తో చంపడం కుదరదు. అదే అక్వినాస్, సమాజానికి ముప్పుగా మారిన మనిషిని, ఒళ్లంతా పాడుచేసే అవయవాన్ని వైద్యుడు కోసేసినట్టు, ప్రభుత్వం తీసేయవచ్చు అనీ రాశాడు. ఆ అధికారం ప్రభుత్వానిదే, సొంతంగా ఎవరూ చేయకూడదనీ వెంటనే కలిపాడు. అంతకుముందే, 1208లో, మూడో ఇన్నొసెంట్ పోపు వాల్డెన్సియన్లు అనే వర్గం నుంచి తిరిగి వచ్చినవాళ్ల చేత చేయించిన విశ్వాస ప్రకటనలో ఒక షరతు పెట్టాడు. ప్రభుత్వం మరణశిక్ష వేయవచ్చు, అయితే అది ద్వేషంతో కాక తీర్పుతో, తొందరపాటుతో కాక ఆలోచనతో జరగాలి.

రాయలసీమలో ఈ షరతు అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. తలకు తల లెక్క ఎలా నడుస్తుందో, ఒక తరం పగ ఇంకో తరానికి ఆస్తిలా ఎలా దిగుతుందో చూసిన ఊళ్లు ఇవి. కక్ష తీర్చుకోవడానికీ శిక్ష వేయడానికీ మధ్య గీత ఎక్కడుందో ఫ్యాక్షన్ గ్రామంలో విధవరాలిగా మిగిలిన మనిషికి తెలిసినంతగా పుస్తకాలు రాసినవాళ్లకు తెలిసి ఉండదు. ‘‘ఇట్లాంటోళ్లను ఉరి తీయాల’’ అన్న మాట కోపంతో వచ్చినప్పుడు, అది పాత కతోలిక బోధన ఒప్పుకున్న మరణశిక్ష కాదు, అది వద్దన్న ద్వేషానికే దగ్గర.

అప్పగింత యంత్రం ఎవరి మీదికైనా తిరగగలదన్నది కూడా చెప్పాలి. 1498లో ఫ్లోరెన్సులో సవొనరోలా అనే సన్యాసికి ఇదే తంతు జరిపి ఉరి తీసి కాల్చారు. 1600లో రోమ్‌లో జియోర్దానో బ్రూనోను సజీవంగా కాల్చేశారు. వీళ్లెవరూ పిల్లల జోలికి పోయినవాళ్లు కాదు. ఒకరు పోపును ఎదిరించారు, ఇంకొకరు వేరేగా ఆలోచించారు.

అసలు అప్పగించనే వద్దన్న వాదనా సంప్రదాయంలోదే, దానికి ఒక వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) కూడా ఉన్నాడు. ఇంగ్లండులో హత్యలు చేసిన గురువులు చర్చి కోర్టులో హోదా పోగొట్టుకుని బయటపడుతున్నారని, వాళ్లను తన కోర్టుకు అప్పగించాలని రెండో హెన్రీ రాజు 1164లో పట్టుబట్టాడు. దేవుడే ఒక తప్పుకు రెండుసార్లు శిక్షించడని ఆర్చిబిషప్ థామస్ బెకెట్ అడ్డం తిరిగాడు. 1170 డిసెంబరు 29న రాజు మనుషులు బెకెట్‌ను తన గుడిలోనే నరికేశారు. ఆయన పునీతుడయ్యాడు, రాజు వెనక్కి తగ్గాడు. ఇంగ్లండులో గురువులకున్న ఆ వెసులుబాటు రానురాను కీర్తన చదవగలిగిన ఎవరికైనా వర్తించే దాకా పోయి 1827లో గానీ రద్దు కాలేదు. బెకెట్ ధైర్యం గొప్పదే. కానీ ఆయన కాపాడిన హక్కు వల్ల హంతకులు తప్పించుకున్నారన్నదీ అంతే నిజం. పునీతుల జీవిత కథల్లో ఈ రెండో ముక్క సాధారణంగా కనిపించదు.

‘‘గురుపట్టం పొందినోళ్లు’’ అన్న మాట వెనక పాతకాలపు పీఠాధిపతి, పునీతుడు అగస్టీను ఉన్నాడు. పాపి అయిన గురువు ఇచ్చే జ్ఞానస్నానం చెల్లదన్న డొనాటిస్టులు అనే చీలిక వర్గంతో ఆయన ఏళ్ల తరబడి వాదించాడు. సంస్కారాన్ని ఇచ్చేది క్రీస్తు, గురువు కాలువ మాత్రమే. నీళ్లు రాతి కాలువలోంచి వచ్చినా తోటకు చేరతాయి, రాతి మీద మాత్రం ఏమీ మొలవదు అన్నాడు. కేసీ కెనాల్ కింద వరి పండించే రైతుకు ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. తర్వాత అరెస్టయిన ఫాదర్ చేసిన పెళ్లి చెల్లుతుందా, ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లుతుందా అని బెంగపడే కుటుంబానికి ఇది పెద్ద ఊరట. కానీ ఈ బోధన ఉన్నది విశ్వాసి కోసం, గురువును కాపాడటానికి కాదు. కాలువకు గండి పడితే పూడ్చొద్దని అగస్టీను ఎక్కడా అనలేదు.

అదే అగస్టీను ఇంకో పనీ చేశాడు. డొనాటిస్టులు ఒక కతోలిక గురువును చంపారు, ఇంకొకరి కన్ను పొడిచి వేలు నరికారు. నేరం ఒప్పుకున్నా సరే వాళ్లకు మరణశిక్ష వేయవద్దని 412 ప్రాంతంలో రోమన్ అధికారి మార్సెల్లినస్‌కు ఉత్తరం రాశాడు. పని చేయించండి, కట్టడి చేయండి, ప్రాణం తీయకండి అన్నాడు. ప్రభుత్వానికి హక్కు ఉందని ఒప్పుకుంటూనే వాడొద్దని వేడుకోవడం కూడా సంప్రదాయంలో ముందు నుంచీ ఉన్న దారే. అయితే పోపులే రాజులుగా ఉన్న ప్రాంతాల్లో ఈ వేడుకోలు వినిపించలేదు. 1796 నుంచి 1864 దాకా రోమ్‌లో తలారిగా ఉన్న బుగాత్తి ఒక్కడే 500 మందికి పైగా ప్రాణాలు తీశాడు. పోపును చంపబోయినవాడికి మరణశిక్ష అన్న నిబంధన వాటికన్ చట్టంలో 1929 నుంచి 1969 దాకా ఉంది, ఎన్నడూ వాడలేదు.

1995లో రెండో జాన్ పాల్ పోపు, మరణశిక్ష తప్పనిసరయ్యే సందర్భాలు దాదాపు లేనట్టేనని రాశారు. 2018లో ఫ్రాన్సిస్ పోపు సత్యోపదేశం (శ్రీసభ అధికారిక బోధనల పుస్తకం)లోని 2267వ పేరానే మార్చి, మనిషి గౌరవం మీద దాడి కాబట్టి ఒప్పుకోదగింది కాదన్నారు. సంప్రదాయవాదులు ఇక్కడే అభ్యంతరం చెప్పారు. 1566 సత్యోపదేశం న్యాయమైనదన్నది ఇప్పుడు కాదంటే, మరి రేపు ఇంకేది మారుతుంది? వాళ్ల ప్రశ్నలో బలముంది. ఇది బోధన ఎదుగుదలే, పాతదానికి విరుద్ధం కాదని రోమ్ జవాబు. ఉరి దానంతటదే ఎప్పుడూ పాపమని కాకుండా ‘ఒప్పుకోదగింది కాదు’ అనే మాట ఎంచుకోవడంలో జాగ్రత్త కనిపిస్తుంది. ఆ జాగ్రత్తే ఇరు పక్షాలకూ వాదించుకునే చోటు మిగిల్చింది.

గురువుల శిక్షల చట్టం మాత్రం ఈలోగా వేరే దారి పట్టింది. 1917 చర్చి చట్టంలో 2359వ నియమం 16 ఏళ్లలోపు వాళ్ల జోలికి పోయిన గురువును సస్పెండ్ చేయమంది, పరువు తీయమంది, తీవ్రమైతే పదవి నుంచి దించమంది. రాజుకు అప్పగించే మాట అందులో లేదు. 1983 చట్టం ఇంకా మెత్తబడింది. నచ్చచెప్పడం, మందలించడం పనిచేయనప్పుడే శిక్ష దాకా వెళ్లమంది. అప్పట్లో ఫిర్యాదుకు గడువు ఐదేళ్లే. శిక్ష మాట ఎత్తకుండా తప్పించుకునే ఈ ధోరణి హాని చేసిందని 2010లో ఐర్లండు కతోలికులకు రాసిన లేఖలో పదహారో బెనెడిక్టు పోపే ఒప్పుకున్నారు.

దీంతో సంప్రదాయవాదులు తప్పంతా 1960ల్లో చర్చి పద్ధతులను మార్చిన రెండో వాటికన్ మహాసభ మీద వేస్తారు. అది పూర్తిగా నిలబడదు. అమెరికాలో 1950 నుంచి 2002 దాకా ఆరోపణలు వచ్చిన 4,392 మంది గురువుల్లో చాలామంది పాత సెమినరీల్లో చదివి, లాటిన్‌లో పూజ చేసినవాళ్లే. వాళ్లను ఒక ఊరి గుడి నుంచి ఇంకో ఊరి గుడికి ట్రాన్స్‌ఫర్ చేసిన పీఠాధిపతులూ పాత పద్ధతిలో తయారైనవాళ్లే. శిక్ష మెత్తబడటం ఒక కారణం కావచ్చు. బయటి కోర్టుకు అప్పగించడం ఆగిపోవడం అంతకంటే పెద్ద కారణం.

మన పీఠాలు, అంటే పీఠాధిపతి కింద ఉండే మేత్రాసనాలు, పుట్టింది సరిగ్గా ఈ మెత్తబడ్డ కాలంలోనే. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప 1976లో ఏర్పడ్డాయి. పాత కాఠిన్యం ఇక్కడి చర్చి ఆఫీసులు ఎన్నడూ అమలు చేసి చూడలేదు. ఇక్కడి విశ్వాసుల్లో చాలామంది దళితులు, కూలీనాలీ చేసుకునే కుటుంబాలు. స్కూల్లో సీటు, హాస్టల్లో చోటు, టీచరు ఉద్యోగం, పెళ్లి సర్టిఫికెట్, అన్నీ ఫాదర్ మాట మీదే నడుస్తాయి. ఒకప్పుడు కర్నూలు పీఠాధిపతిగా చేసిన పూల ఆంథోనీ గారు 2022లో దేశంలోనే తొలి దళిత కార్డినల్ అయ్యారు. అది చరిత్రే. కానీ ఊరి స్థాయిలో ఫాదర్ మీద ఫిర్యాదు చేయాలంటే కుటుంబానికి ఉండే టెన్షన్ దాంతో పోదు.

తప్పు అంటే లైంగిక నేరమే కానక్కర్లేదు. 2016 ఏప్రిల్‌లో కడప పీఠాధిపతినే కిడ్నాప్ చేసి కొట్టిన కేసులో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో గురువులూ ఉన్నారు. అరెస్టు అంటే నేరం రుజువైనట్టు కాదు. ఇక్కడ గమనించాల్సింది, ఆ కేసు నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లింది. లోపల సర్దుకుందామనే మాటతో ఆగలేదు. బాధపడ్డవాడు పీఠాధిపతి అయితే అప్పగింత తేలిక.

గురువు హోదా పోవడాన్ని జనం ఒకే రకంగా చూస్తారు, అదీ సరికాదు. అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ అని ఇప్పటికీ పిలిచే విన్సెంట్ ఫెర్రర్ 1970లో జెస్విట్ అనే గురువుల సభను వదిలి పెళ్లి చేసుకున్నారు. అది ఆయన ఎంచుకున్న దారి, శిక్ష కాదు. కేరళలోని కొట్టియూర్ బాలిక అత్యాచారం కేసులో 2019లో తలశ్శేరి కోర్టు 20 ఏళ్ల జైలు వేసిన గురువును తర్వాత పోపు గురుత్వం నుంచి తీసేశారు. అది శిక్ష. రెండో దాంట్లో ముందు పోలీసులు, తర్వాత కోర్టు, ఆఖర్న రోమ్. 1568లో ముందు హోదా తీసి తర్వాత అప్పగించేవాళ్లు, ఇప్పుడు వరస తిరగబడింది.

ఇక మిగిలింది రహస్యం. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు, తన ప్రాణం పోయినా సరే. ఈ నియమాన్ని రోమ్ సడలించలేదు. పోక్సో 19వ సెక్షన్ మాత్రం నేరం సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలంటుంది, గురువులకు మినహాయింపు ఇవ్వదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ పెద్దకు ఏడాది దాకా. ఈ రెండూ ఢీకొనేచోట తేలిక జవాబు లేదు. కానీ ఇలాంటి ఫిర్యాదులు మామూలుగా పాపసంకీర్తనంలోంచి రావు. ఒక తల్లి ఏడుస్తూ పీఠాధిపతి ఆఫీసుకు వస్తుంది, లేదా ఒక టీచరు ఉత్తరం రాస్తుంది. దానికి పాపసంకీర్తన ముద్ర లేదు. ఇలాంటి కేసుల వివరాలు బయటపెట్టకూడదని అప్పటిదాకా ఉన్న పోపు రహస్య నిబంధనను కూడా ఫ్రాన్సిస్ పోపు 2019 డిసెంబరులో ఎత్తేశారు. అదే నెలలో మన అసెంబ్లీ ఉరి బిల్లు పాస్ చేసింది. రోమ్ నుంచి వచ్చిన ఆ కాగితం గురించి గుడి బయట చెట్టు కింద ఎవరూ మాట్లాడుకున్నట్టు లేదు.